వీధిలో వీరగల్లు

హోసూరు నుండి కృష్ణగిరి, ధర్మపురి వైపు పల్లెదారి పట్టి వెళితే చింతచెట్ల కింద, చెరువు కట్టల మీద, చేనిగట్ల పక్కన చెక్కడపు రాళ్ళు కనిపిస్తాయి. ఒక చేత విల్లో కత్తో పట్టుకుని కాలు ముందుకు వేసిన మనిషి, కొన్నింటిలో అతని వెనుక ఆవుల మంద, ఇంకొన్నింటిలో పైన సూర్యచంద్రులు. కొన్ని రాళ్ళకు పసుపు కుంకుమలు పెట్టి వేడియప్పన్ అని పూజ చేస్తారు. కొన్నింటి మీద బట్టలు ఉతుకుతారు. ఇవే వీరగల్లులు. కన్నడిగులూ మనమూ ఆ మాటే వాడతాం. తమిళులు నడుకల్ అంటారు, అంటే నాటిన రాయి. మహారాష్ట్రలో వీరగళ్. మన పత్రిక వెళ్ళే ఊళ్ళలో చాలావాటికి చుట్టుపక్కల ఇలాంటి రాయి ఒకటైనా ఉంటుంది.

ఇంతకూ ఎవరీ మనుషులు? రాజులు చాలా తక్కువ. పొరుగూరివాళ్ళు మంద తోలుకుపోతుంటే అడ్డం వెళ్ళి చచ్చినవాడు, దొంగలు పడ్డప్పుడు ఊరి మొగదల నిలబడ్డవాడు, పులితో కలబడ్డవాడు. నేటి భాషలో చెప్పాలంటే కాపలా పని చేస్తూ చనిపోయినవాళ్ళు. తేని జిల్లా పులిమాన్‌కోంబైలో 2006లో దొరికిన రాళ్ళు రెండు వేల యేళ్ళకు పైబడినవి. అందులో ఒకదాని మీద ఉన్న మాటలు బహు కొద్ది. మందకోసం జరిగిన పోరు, చచ్చినవాడి పేరు, ఇది అతని రాయి అన్న సంగతి. అంతే.

బెంగుళూరులో ఉండే తెలుగువారు బేగూరు గుడికి వెళ్ళే ఉంటారు. అక్కడ క్రీ.శ. 890 ప్రాంతపు శాసనంలో ‘బెంగళూరు’ అన్న పేరు మొట్టమొదట కనిపిస్తుందని అందరూ చెబుతారు. ఆ పేరు ఎందుకు వచ్చిందో మాత్రం తక్కువమంది చెబుతారు. బెంగళూరు పోరులో నాగత్తరుని ఇంటికి చెందిన బుట్టణశెట్టి చనిపోయాడని ఆ రాయి చెబుతుంది. ఇంత మహానగరం పేరు మనకు తొలిసారి దొరికింది ఏ పట్టాభిషేకంలోనూ కాదు, ఒక పెద్దమనిషి కొలువులో చచ్చినవాడి రాతిమీద. మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 950 నాటి రాయి మరీ విచిత్రం. అది కాళి అనే వేటకుక్కది. అడవిపందితో పోరాడి రెండూ చచ్చాయి. కుక్కకు రాయి నిలిపి, దాని పూజకు భూమి కూడా ఇచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో ఉంది.

నేను కామర్సు చదివి బ్యాంకులో లెడ్జర్లు తిరగేసినవాణ్ణి. శాసనాలమీద మోజు పుట్టించింది ఈ భూమి లెక్కే. చనిపోయినవాడి కుటుంబానికి ఇచ్చే మాన్యాన్ని కన్నడ శాసనాలు ‘నెత్తరు కొడగె’ అంటాయి, తమిళ శాసనాలు ‘ఉదిరప్పట్టి’ అంటాయి. ఉదిరం అంటే రుధిరమే. నెత్తరు అన్న మాటను మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. రాయి ఒక్కటే నిలిపి చేతులు దులుపుకోలేదన్నమాట. ఇంటివాళ్ళు ఏం తిని బతకాలో కూడా ఆలోచించారు. ప్రతి నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి మా కౌంటరుకు వచ్చే పోలీసు కుటుంబాల ఆడవాళ్ళను చూసినప్పుడు నాకు ఆ మాటే తోచేది. కుటుంబ పింఛను అని మనం రాసుకునేది ఆ పాత నెత్తురు మాన్యమే.

పోలీసుల స్మృతిదినం సంగతి చాలామందికి తెలుసు. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసులు చనిపోయారు. అప్పటినుండి ఏటా ఆ రోజున అన్ని రాష్ట్రాల్లోనూ కవాతు చేసి, ఆ యేడు పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం 2018లో అదే రోజున ప్రారంభమయింది. గోడమీద 34,000కు పైగా పేర్లు. గొప్ప పనే. అయితే అంత గోడలో ఒక పేరు వెతుక్కోవడానికి ఆ ఇంటివాళ్ళు ఢిల్లీ వెళ్ళాలి. వీరగల్లుది వేరే పద్ధతి. అది మనిషి తాను కాపాడిన ఊళ్ళోనే ఉంటుంది, మంచినీళ్ళకు వెళ్ళేవాళ్ళ దారిలో ఉంటుంది.

హైదరాబాదు ఎస్.ఆర్. నగర్‌లో అలాంటిది ఒకటుంది. 1999 సెప్టెంబరు 4న చదలవాడ ఉమేష్‌చంద్ర అనే ఐ.పి.ఎస్. అధికారి కారు అక్కడ సిగ్నలు దగ్గర ఆగినప్పుడు పీపుల్స్‌వార్ దళంవారు కాల్చారు. గన్‌మన్, డ్రైవరు చనిపోయారు. ఆయన కారు దిగి, చేతిలో ఆయుధం లేకుండానే వాళ్ళ వెంట పడ్డారు. అక్కడే చంపేశారు. అప్పటికి 33 యేళ్ళు. కడపలో ఎస్పీగా పనిచేసినప్పుడే ఆ జిల్లాలో మారుమోగిన పేరు. ఆయన విగ్రహం ఎస్.ఆర్. నగర్ కూడలిలోనే పెట్టారు.

ఆనాటి నక్సలైట్ల పోరుమీద, ఎన్‌కౌంటర్లమీద పౌరహక్కులవాళ్ళు అడిగిన ప్రశ్నలు నాకు తెలుసు. వాటిని విగ్రహం పెట్టి కొట్టేయలేం. అసలు వీరగల్లులలోనే ఈ చిక్కు ఉంది. మందను కాపాడి చచ్చినవాడికీ రాయి ఉంది, మందను తోలుకురావడానికి వెళ్ళి చచ్చినవాడికీ రాయి ఉంది. ఎవరి ఊరు వాళ్ళ మనిషికి నిలిపింది. నన్ను పట్టి లాగేది వేరే సంగతి. ఆ రోజు చనిపోయింది ముగ్గురు. జనం నోట అది ఉమేష్‌చంద్ర విగ్రహం. గన్‌మన్, డ్రైవరు ఎప్పుడు చెప్పినా ఒక్క ముక్కలో అయిపోతారు, నేను పైన చెప్పినట్టే. బుట్టణశెట్టికి దక్కిన చోటు వాళ్ళకు దక్కలేదు.

అందుకే బొంబాయి గిర్గాం చౌపాటీలోని ప్రతిమ నాకు ఎక్కువ. చౌపాటీకి కాస్త దూరంలోనే కామాఠీపురా. నిజాం రాజ్యం నుండి కూలికి వెళ్ళి ఆ నగరం కట్టడంలో చెమటోడ్చిన మనవాళ్ళ వల్లనే ఆ పేటకు ఆ పేరు. తర్వాత ఆ పేరుకు పట్టిన మసి వేరే కథ.

2008 నవంబరు 26 రాత్రి ఆ చౌపాటీ దగ్గర డి.బి. మార్గ్ పోలీసులు రోడ్డుకు అడ్డం కట్టి నాకాబందీ వేశారు. అర్ధరాత్రి దాటాక ఎత్తుకొచ్చిన స్కోడా కారులో ఇద్దరు వచ్చి, అడ్డం చూసి కారు తిప్పబోయి డివైడరు ఎక్కించారు. కాల్పుల్లో ఒకడు చచ్చాడు. రెండోవాడు కసబ్. లొంగిపోయినట్టు నటించి తుపాకి పైకెత్తాడు. లాఠీతో ఉన్న అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబళే ఆ ఏకే-47 గొట్టాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. గుళ్ళన్నీ ఆయన ఒంట్లోకే వెళ్ళాయి. పట్టు మాత్రం వదల్లేదు. ఆ కాస్త వ్యవధిలో తక్కినవాళ్ళు కసబ్ మీద పడి ప్రాణాలతో పట్టుకున్నారు.

166 మంది పోయిన ఆ దాడిలో ప్రాణంతో దొరికినవాడు అతనొక్కడే. వాళ్ళు ఎక్కడినుండి బయల్దేరారో, ఎవరు పంపారో కోర్టులో నిలబెట్టి చెప్పగలిగామంటే ఆ పట్టువల్లనే. 2010లో శిక్ష పడింది, 2012 నవంబరు 21న ఎరవాడ జైల్లో ఉరి తీశారు. ఈ దస్తావేజులన్నిటి అడుగున ఒక కిందితరగతి పోలీసు చేతులున్నాయి. సాతారా జిల్లా కేడంబే గ్రామంనుండి వచ్చి, సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి, 1991లో కానిస్టేబులుగా చేరినవారు. 2009 జనవరి 26న అశోకచక్ర ప్రకటించారు. అదే రాత్రి పోయిన పెద్ద అధికారులు హేమంత్ కర్కరే, అశోక్ కామ్టేలకూ, ఇన్‌స్పెక్టర్ విజయ్ సాలస్కర్‌కూ అదే పతకం వచ్చింది. హోదా చూడకుండా ఒకే వరుసలో ఇవ్వడం బాగుంది.

2021లో ఠాణే, కళ్యాణ్ ప్రాంతంలో దొరికిన ఒక కొత్త సాలీడు జాతికి శాస్త్రజ్ఞులు ‘ఐసియస్ తుకారామి’ అని పేరు పెట్టారు. ఇది చదివినప్పుడు ఆతకూరు కుక్క గుర్తొచ్చి నవ్వుకున్నాను. వీరులకూ జంతుజాలానికీ మనదేశంలో పాత చుట్టరికమే.

కేడంబేలో ఓంబళే స్మారకానికి మహారాష్ట్ర ప్రభుత్వం 2025లో 13 కోట్లకు పైగా మంజూరు చేసింది. పుట్టిన ఊరు కాబట్టి కట్టవలసిందే. చౌపాటీలో ఉన్నది మాత్రం ఒక చిన్న ప్రతిమ, ఆయన పడిన చోటనే. 1920లో లోకమాన్య తిలక్‌ను దహనం చేసింది ఆ ఇసుకలోనే, ఆయన విగ్రహం కూడా ఆ తీరానే ఉంది. తిలక్‌ను చూడడానికి వచ్చేవాళ్ళుంటారు. ఓంబళే దగ్గరకు పని గట్టుకుని వచ్చేవాళ్ళు నవంబరు 26నే ఎక్కువ. తక్కిన రోజుల్లో భేల్‌పూరి తినడానికి, గాలికి వచ్చినవాళ్ళు ఆ పక్కనుండి నడిచిపోతుంటారు. వినాయక నిమజ్జనంనాడు ఊరంతా ఆ తీరానికే వస్తుంది.