పసుపుకే కాదు, ర్యామ్‌కీ తరుగు!

ఈ ఎపిసోడ్‌లో ర్యామ్ చరిత్ర మాట్లాడుకుందాం. కథ మాత్రం మా ఇందల్వాయి నుంచే మొదలుపెడతా.

2008లో మా ఇంట్లో కంప్యూటర్ ఉండేది. విండోస్ ఎక్స్‌పీ, 2 జీబీ ర్యామ్. గేమ్స్ ఆగి ఆగి నడుస్తున్నాయని, బాపు పసుపు అమ్మిన పైసలు అడిగి తీసుకుని, రైలెక్కి సికింద్రాబాద్ పోయి ఇంకో 2 జీబీ తెచ్చాను. బిగిస్తే 4 రావాలి కదా? స్క్రీన్ మీద 3.25 అని చూపించింది.

బాపు ఒకటే మాట అడిగాడు. “ముప్పావు ఏడ పోయిందిరా? గిండ్ల గూడ తరుగు తీస్తరా?”

నా దగ్గర జవాబు లేదు. ఆ పైసలు ఎంత కష్టమో తెలుసు కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నన్నెవరూ మోసం చేయలేదు. కొనేముందు నేనే తెలుసుకోలేదు. మెమరీలో ప్రతి బైట్‌కీ ఒక అడ్రసు కావాలి. 32 బిట్లతో సుమారు 429 కోట్ల అడ్రసులే వస్తాయి, అంటే సరిగ్గా 4 జీబీ. అందులోంచే గ్రాఫిక్స్ కార్డుకీ, మిగతా పరికరాలకీ వాటా పోవాలి. మార్కెట్ యార్డులో ఆఫీసుకీ, కాంటాకీ జాగా పోయాక మిగిలిన దాంట్లోనే బస్తాలు పెట్టాలి కదా, అట్లన్నమాట. ర్యామ్ ఉంది, అడ్రసు లేదు.

రెండో తరుగు స్పీడ్‌లో ఉంటుంది. 1998లో ఇంటెల్ సెలరాన్ 300ఏ వచ్చింది. 66 మెగాహెర్ట్‌జ్ బస్సు మీద నాలుగున్నర రెట్లు, అంటే 300. కుర్రాళ్లు ఆ బస్సును 100కి పెంచితే ప్రాసెసర్ 450కి ఎగిరింది! కానీ ర్యామ్ కూడా అదే వేగంతో పరుగెత్తాలి. పీసీ66 ర్యామ్ చాలాసార్లు చేతులెత్తేసేది, పీసీ100 ఉన్నవాళ్లు గెలిచేవాళ్లు. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లు ర్యామ్‌ను ఏరి కొనడం అట్లా పెరిగింది.

2007లో డీడీఆర్3తో పాటు ఇంటెల్ ఎక్స్‌ఎంపీ తెచ్చింది. వేగం, టైమింగ్స్, వోల్టేజీ అన్నీ ర్యామ్ మీదున్న చిన్న చిప్‌లోనే రాసి ఉంటాయి. అయితే బయోస్‌లో దాన్ని మనమే ఆన్ చేయాలి. పెట్టె మీద 3200 అని ఉన్న చాలా డీడీఆర్4 గేమింగ్ కిట్లు మొదట 2133 దగ్గరే నడుస్తాయి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే వోల్టేజీ 1.2 నుంచి 1.35కి పోతుంది. అది కూడా ఓవర్‌క్లాకింగే. ప్రాసెసర్, బోర్డు తట్టుకోవాలి.

కాబట్టి కొనేముందు మూడు చూడండి. మీ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత మెమరీ వాడగలదు? మీ బోర్డు కంపెనీ ఇచ్చిన లిస్టులో ఆ కిట్ ఉందా? రెండు స్టిక్కులూ ఒకే కిట్‌వా? బిగించాక మెమ్‌టెస్ట్ నడపండి. మీ ఫోన్ పెట్టె మీద “8+8 జీబీ” అని ఉంటే, రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అరువు తెచ్చింది.

తర్వాత నేను 64 బిట్ విండోస్ 7 వేశాను. ప్రాసెసర్, బోర్డు ఒప్పుకున్నాయి. స్క్రీన్ మీద 4 జీబీ! “బాపు, తరుగు వాపస్ వచ్చింది” అని పిలిచాను.

ఆయన చూసి నవ్వాడు. “మంచిదే బిడ్డా. మరి పసుపుది ఎప్పుడొస్తదో?”