నాలుగు డాలర్ల చిల్లర

క్రితం ఏడాది డాలస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, ఒక శనివారం సాయంత్రం అందరం భోజనానికి బయటికి వెళ్ళాం. టేబుల్ ఖాళీ అవడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. అంతసేపు నిలబడలేక బార్ కౌంటర్ ముందున్న ఎత్తు కుర్చీలెక్కి కూర్చున్నాం. నేను బార్‌లో కూర్చోవడం అదే మొదటిసారి. డాలస్‌లో ఉన్నానన్న సంగతి మర్చిపోయి, మన వీధి వాళ్ళెవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూశాను కూడా!

కౌంటర్ అవతల ఇంచుమించు నా ఈడు ఆవిడే. అల్లుడికి బీరు పోసింది. మా ముగ్గురికీ నిమ్మరసం కలిపి ఇచ్చింది. నాకు ఐస్ పడదంటే ఇంకో గ్లాసులో మార్చి ఇచ్చింది, విసుక్కోకుండా. ఇరవై ఆరు డాలర్లయింది. "ఇవాళ నేనిస్తాను" అని మా ఆయన పట్టుబట్టి ముప్ఫై డాలర్లు ఇచ్చారు. ఆవిడ నాలుగు నోట్లు తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. ఈయన వాటిని లెక్కపెట్టుకుని జేబులో వేసుకుని, చక్కగా "థాంక్యూ" చెప్పి లేచారు.

మా అమ్మాయి "ఫోన్ మర్చిపోయా" అని వెనక్కి వెళ్ళింది. ఫోన్ దాని చేతిలోనే ఉంది. ఆరు డాలర్లు గ్లాసు కింద పెట్టి రావడం నేను చూశాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు కార్లో మొదలైంది.

"నాన్నా, బార్‌లో టిప్పు ఇవ్వకుండా రాకూడదు."

"ఆరు డాలర్లంటే ఐదొందలమ్మా! నిమ్మకాయ పిండినందుకా?"

"ఆవిడకి యజమాని ఇచ్చేది గంటకి రెండు డాలర్ల పదమూడు సెంట్లు ఉంటుంది నాన్నా. మిగతాది మనమే ఇవ్వాలి."

"అదేం దారుణం! జీతం ఇవ్వాల్సింది యజమాని కదా?" అన్నారాయన. ఇల్లు చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు.

ఆయన అడిగింది న్యాయమే అనిపించింది నాకు. అమ్మాయి చేసిందీ న్యాయమే. రెండూ న్యాయమైతే అన్యాయం ఎక్కడుంది? ఆ వారమంతా మధ్యాహ్నం పూట, పిల్లలు ఆఫీసులకి వెళ్ళాక, కూర్చుని చదివాను. చదివినకొద్దీ ఇది చిల్లర విషయం కాదని తెలిసింది.

అమెరికా అంటేనే టిప్పు అనుకుంటాం కానీ, ఆ అలవాటు అక్కడ పుట్టింది కాదట. యూరప్‌లో జమీందారీ ఇళ్ళకి చుట్టాలొస్తే, వెళ్ళేటప్పుడు నౌకర్ల చేతిలో ఏదో ఒకటి పెట్టి వెళ్ళేవారు. ఇంగ్లండులో 18వ శతాబ్దానికి ఇది ఎంత ముదిరిందంటే, విందుకు పిలిచిన ఇంట్లో నౌకర్లకి ఇచ్చుకోలేక జనం విందులకే భయపడేవారట. దాన్ని మాన్పించాలని యజమానులు చూస్తే 1764లో లండన్‌లో నౌకర్లు గొడవలు చేశారు. మరి వాళ్ళ సంపాదనలో అదే పెద్ద భాగం!

అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఆ తర్వాత డబ్బున్నవాళ్ళు యూరప్ ప్రయాణాలు చేసి, అక్కడి మర్యాదలతో పాటు దీన్నీ వెంట తెచ్చుకున్నారు. సామాన్య జనానికి మొదట్లో ఇది అస్సలు నచ్చలేదు. ఒకడు చెయ్యి చాపడం, ఇంకొకడు విదిలించడం రాజులు లేని దేశంలో ఏమిటని మండిపడ్డారు.

అయితే యజమానులకి ఇందులో ఒక లాభం కనిపించింది. అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారు పనికోసం వెతుక్కుంటున్నారు. జీతం నామమాత్రంగా ఇచ్చి "మిగతాది వచ్చినవాళ్ళ దగ్గర తెచ్చుకో" అంటే సరిపోతుంది కదా! 1867లో జార్జ్ పుల్‌మన్ పడక పెట్టెల రైళ్ళ కంపెనీ పెట్టాడు. పక్కలు వేయడానికీ, బూట్లు తుడవడానికీ, సామాను మోయడానికీ నల్లవారినే పెట్టుకున్నాడు. జీతం తక్కువ, టిప్పులే ఆధారం. నెలకి దాదాపు నాలుగు వందల గంటల పని. ప్రయాణికులు వాళ్ళని సొంత పేరుతో కూడా పిలిచేవారు కాదట. యజమాని పేరు జార్జ్ కాబట్టి ప్రతివాడూ "జార్జే". నలభయ్యేళ్ళ మనిషిని, ముగ్గురు పిల్లల తండ్రిని, ఎవరి పేరుతోనో పిలిచి చేతిలో నాణెం పెడితే, ఆ నాణెం కోసం అతను నవ్వాలి. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

వాళ్ళు ఊరుకోలేదు. 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ అనే ఆయన నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. పన్నెండేళ్ళు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందం చేయించుకున్నారు. జీతం పెరిగింది. నెలకి నాలుగు వందల గంటలు రెండు వందల నలభైకి తగ్గాయి. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన వాషింగ్టన్ ప్రదర్శనకి ముందుండి నడిపించినవాళ్ళలో ఈ రాండాల్ఫే ఒకరు.

ఈలోగా టిప్పుని చట్టంతో ఆపాలని కూడా చూశారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం నిషేధించింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ నిషేధించాయి. 1916లో విలియం స్కాట్ అనే ఆయన దీని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. దాని పేరుకి అర్థం "దురదపెట్టే అరచెయ్యి". మన దగ్గరా అరచెయ్యి దురదపెడితే డబ్బొస్తుందంటారు కదా, నాకు నవ్వొచ్చింది. కానీ ఆ చట్టాలేవీ నిలవలేదు. 1926 నాటికి అన్నీ పోయాయి. ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు, పుచ్చుకునేవాళ్ళకి వేరే దారి లేదు.

అసలు మలుపు 1938లో వచ్చింది. గంటకి ఇరవై ఐదు సెంట్ల కనీస వేతనం అని దేశమంతటికీ చట్టం చేశారు. అందులో హోటళ్ళవాళ్ళనీ రెస్టారెంట్లవాళ్ళనీ కలపలేదు. 1966లో కలిపారు కానీ ఒక మెలిక పెట్టారు. టిప్పులు వచ్చే పనివాళ్ళకి కనీస వేతనంలో సగం యజమాని ఇస్తే చాలు, మిగతా సగం టిప్పుల్లోంచి వచ్చినట్టు లెక్క. ఆ యజమాని వాటా 1991లో రెండు డాలర్ల పదమూడు సెంట్లయింది. ఇప్పటికీ అంతే! 2009 నుంచి మామూలు కనీస వేతనం ఏడు డాలర్ల పాతిక సెంట్లు. మధ్యలో ఉన్న ఐదు డాలర్ల పన్నెండు సెంట్లు బార్‌కొచ్చిన మనలాంటి వాళ్ళ నుంచి రావాలి. టిప్పులు తక్కువైతే యజమాని పూడ్చాలని చట్టం ఉంది. కానీ ఆ లెక్క అడిగితే పని ఉంటుందో ఊడుతుందో అడిగేవాళ్ళకే తెలియాలి.

అన్ని రాష్ట్రాల్లోనూ ఇలా లేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిగాన్, నెవాడా, మొంటానా, మిన్నెసోటా, అలాస్కాలలో టిప్పులతో పని లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. మా అమ్మాయి ఉండే టెక్సస్‌లో మాత్రం ఆ రెండు డాలర్ల పదమూడు సెంట్లే.

మాన్పించాలని ప్రయత్నించిన హోటళ్ళవాళ్ళూ ఉన్నారు. న్యూయార్క్‌లో డానీ మేయర్ అనే పేరున్న ఆయన 2015లో తన రెస్టారెంట్లలో టిప్పు తీసేసి, ధరలు పెంచి, ఆ డబ్బు జీతాల్లో కలపడం మొదలుపెట్టాడు. 2020లో ఆయనా వెనక్కి తగ్గాల్సి వచ్చింది. నూట యాభై ఏళ్ళ అలవాటు ఒక్కరు మారిస్తే మారదు మరి.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన శ్రద్ధగానే విన్నారు. ఆ తర్వాతి వారం ఇంకో హోటల్‌లో బిల్లు చూసి "ఇదేమిటి, గ్రాట్యుటీ అని వేశారు? ఇక్కడ మనమెప్పుడు ఉద్యోగం చేశాం?" అన్నారు. ఆరుగురం వెళ్ళాం కదా, టిప్పు వాళ్ళే కలిపేశారు. అమెరికాలో దాన్ని గ్రాట్యుటీ అంటారట. ఈయనకి గ్రాట్యుటీ అంటే రిటైరైన రోజు చేతికొచ్చిన డబ్బు. దాంతోనే మా మేడ మీద గది వేశాం.

అందరం నవ్వుకున్నాం. కానీ ఆయన ఫ్యాక్టరీలో లెక్కలు రాసిన మనిషి, మాట అక్కడితో వదల్లేదు. "మాదీ ఒకప్పుడు యజమాని దయే. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. 1972లో చట్టమొచ్చాకే అది అందరికీ హక్కయింది. బోనస్సూ అంతే. పండగపూట దొరగారు సంతోషించి ఇచ్చేది, 1965 చట్టంతో నాలుగు శాతానికి తక్కువ కాకుండా ఇవ్వాల్సిందే అయింది" అన్నారు. కాసేపాగి, "పాపం, ఆవిడది ఇంకా దయ దగ్గరే ఆగిపోయింది" అన్నారు.

నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ క్షణంలో నాకు డాలస్ ఆవిడ కాదు, ఇంటి దగ్గర మా పనావిడ గుర్తొచ్చింది.

పధ్నాలుగేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది. నెలకి రెండున్నర వేలు. దసరాకి చీర, సంక్రాంతికి బక్షీసు, మిగిలిన కూరలు, పిల్లలు వదిలేసిన బట్టలు. "మా ఇంట్లో దానికేం తక్కువ?" అని నలుగురిలో చెప్పుకున్నాను కూడా. జీతం పెంచమని అడిగినప్పుడల్లా "పండక్కి చూద్దాంలే" అన్నాను. పండక్కి చీర పెట్టాను. ఆ చీర అందుకున్నప్పుడు దాని మొహం ఎలా ఉందో చూసి మురిసిపోయాను. నేను చేసింది పుల్‌మన్ చేసినదానికి ఎంత దూరం? జీతం తగ్గించి దయ చూపించడమే కదా ఇద్దరం చేసింది!

మన ఊళ్ళలో పూర్వం చాకలికీ మంగలికీ కుమ్మరికీ కళ్ళంలోనే మేర కొలిచి ఇచ్చేవారు. అందులో ఎక్కువతక్కువలు, అవమానాలు చాలానే ఉండేవి. అయినా అది పంట చేతికొచ్చినప్పుడు అందాల్సిన వాటా, అడిగి తీసుకోగలిగింది. మా పనావిడకి నేను అదీ లేకుండా చేశాను.

ఇంటికొచ్చాక మా ఆయన పేపరు అంచు మీద లెక్క వేశారు. చట్టం ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి వర్తించదు. వర్తిస్తే ఎంతొచ్చేదో చూద్దామన్నారు. రెండున్నర వేల మీద ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, పధ్నాలుగేళ్ళకి ఇరవై వేల పైచిలుకు. ఇద్దరం ఆ అంకె వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాం.

ఆ నెల నుంచి మూడున్నర వేలు చేశాం. నెలకి రెండు రోజులు సెలవు, జీతం కోత లేకుండా. ఆ ఇరవై వేలూ దాని పేరున పోస్టాఫీసులో వేశాం. చెప్పినప్పుడు అది దండాలు పెట్టలేదు, కళ్ళనీళ్ళూ పెట్టుకోలేదు. కాసేపు ఆలోచించి, "అయితే ఈ దసరాకి చీర లేదామ్మా?" అంది.

"చీరా ఉంది. కానీ ఈసారి కొట్టుకి నువ్వే రా, రంగు నువ్వే చూసుకో" అన్నాను. ఇన్నేళ్ళూ నాకు నచ్చిన రంగులే కట్టుకుందది. తనకి ఆకుపచ్చ ఇష్టమని అప్పుడు తెలిసింది.

ఇక ఎవరికెంత ఇవ్వాలని మీరడుగుతారు కాబట్టి, మా అమ్మాయి నేర్పింది చెప్తాను. అమెరికాలో బార్ కౌంటర్ దగ్గర గ్లాసుకి ఒకటి రెండు డాలర్లు, అన్నీ కలిపి బిల్లు అయితే పద్ధెనిమిది నుంచి ఇరవై శాతం. మనలాగా నిమ్మరసం తాగినా సరే, కలిపిన చెయ్యి ఒకటే. ముందు బిల్లులో గ్రాట్యుటీ కలిపారేమో చూసుకోండి, రెండుసార్లు ఇవ్వక్కర్లేదు. జపాన్ వెళ్తే ఇవ్వకండి, ఇబ్బందిపడతారు. ఇంగ్లండు పబ్బుల్లో చిల్లరకి బదులు "మీరూ ఒకటి తీసుకోండి" అని అడిగే మర్యాద ఉందట. మన దేశంలో సర్వీస్ ఛార్జి బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని 2022లో వినియోగదారుల సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇచ్చేదేదో వడ్డించినవాళ్ళ చేతికే ఇస్తే మేలు.

ఈ పద్ధతి న్యాయమైనదని నేను అనను. మా ఆయన మొదట అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ జవాబు లేదు. కానీ పద్ధతి బాగోలేదని మనం చిల్లర జేబులో వేసుకుంటే, నష్టం పద్ధతికి కాదు, గ్లాసు కడిగే ఆవిడకి.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు మా ఆయన మళ్ళీ ఆ బార్‌కే వెళ్దామన్నారు. ఆవిడే ఉంది. రెండు నిమ్మరసాలు తాగాం, నాది ఐస్ లేకుండా. ఆవిడకి గుర్తుంది! లేచేటప్పుడు ఈయన ఒక పది డాలర్ల నోటు గ్లాసు కింద పెట్టి, నాలుగు పాతవి, ఆరు కొత్తవి అని తెలుగులో నాతో అన్నారు.