నాన్నగారి హెచ్ఎంటీ వాచీ విప్పే ముందు

జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో హెచ్ఎంటీ 1961లో బెంగళూరులో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టింది. 2016లో ఆ గడియారాల సంస్థ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. జనతా, పైలట్ లాంటి కీ ఇచ్చే వాచీలు మాత్రం మన ఇళ్ల బీరువాల్లో ఇంకా ఉన్నాయి. రిపేరు నేర్చుకోవాలంటే ముందు అదే రకం ఆగిపోయిన వాచీ ఒకటి చవకగా కొనండి. ఇంట్లోదాని మీద చెయ్యి తిప్పుకోవద్దు.

ఏళ్లుగా కదలని వాచీలో చాలాసార్లు ఏదీ విరిగి ఉండదు, నూనె ఎండి జిగురై ఉంటుంది. దాని మీదే కొత్త నూనె చుక్క వేయడం అన్నిటికన్నా చెడ్డ వైద్యం. మురికి నూనెలో కలిసి ఇరుసులను అరగదీస్తుంది. విప్పి, కడిగి, ఆ తర్వాతే నూనె. అదీ సూదిమొనంత.

విప్పేటప్పుడు మొదట స్ప్రింగు బిగువు వదలాలి. కీని వేళ్లతో పట్టుకుని, వెనుక ఉన్న చిన్న క్లిక్కును పక్కకు నొక్కి, కీని నెమ్మదిగా వెనక్కి తిరగనివ్వాలి. ఇది చేయకుండా ప్యాలెట్ తీస్తే చక్రాలన్నీ గిర్రున తిరిగి సన్నని ఇరుసు విరగవచ్చు. ప్యాలెట్ రాళ్లను లక్కతో అతికిస్తారు, స్పిరిట్‌లో నానబెడితే ఊడిపోతాయి.

బాగా ముందుకు పరుగెడుతుంటే అయస్కాంతం పట్టిందేమో, దిక్సూచి దగ్గర పెట్టి చూడండి.

డయల్‌ను తుడవకండి, అంకెలు గుడ్డకు అంటుకొస్తాయి. కొత్త రంగు వేయిస్తామన్నా ఒప్పుకోకండి. మరకలున్నా నాన్నగారు చూసుకున్న ముఖం అదే.