కొసరు ఎటువైపు తూగింది?

పోయిన భాగంలో కళ్ళం దగ్గర రెండు కొలతల గురించి రాశాను. కూలి గింజలు కొలిచేటప్పుడు కుంచాన్ని చేత్తో చదును చేసేవాళ్ళనీ, అప్పు గింజలు తిరిగి తీసుకునేటప్పుడు అదే కుంచం మీద కుప్పగా పోయించుకునేవాళ్ళనీ మా నాయనమ్మ చెప్పిన మాట. అది చదివి నా విద్యార్థి ఒకడు తన బ్యాంకు పాస్‌బుక్కులో ఒక పేజీ ఫోటో తీసి పంపాడు. కింద ఒకే వాక్యం: “సార్, ఇది ఏ కుంచం?”

డిగ్రీ రెండో ఏడాది పిల్లాడు. హాస్టల్లో ఉంటాడు. స్కాలర్‌షిప్ పడాలంటే ఖాతా కావాలన్నారు కాబట్టి దగ్గర్లో ఉన్న బ్యాంకుకు వెళ్ళి, కౌంటర్లో ఇచ్చిన ఫారం నింపి ఖాతా తెరిచాడు. ఆ ఫారంలో ఏముందో ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు. స్కాలర్‌షిప్ నెలలు నెలలు రాలేదు. ఖాతా ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్నందుకు జరిమానా రాస్తూ పోయారు. ఎస్ఎంఎస్‌లకు ఒక కోత, ఏటీఎం కార్డుకు ఏడాది రుసుము ఇంకో కోత, వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ. డబ్బు పడిన రోజే పాత బాకీలన్నీ వరసగా లాగేశారు. ఎనిమిది వందల చిల్లర పోయింది. వెళ్ళి అడిగితే వచ్చిన జవాబు: “రూల్ బాబూ, అందరికీ ఒకటే.”

ఈ “అందరికీ ఒకటే” అనే మాటకు మన వైపు నుంచి ఒక చరిత్ర ఉంది. ఈ భాగం దాని గురించే.

మా నాయనమ్మ చిన్నప్పుడు ఊళ్ళో షావుకారు కొట్టుకు మనోళ్ళు వెళ్తే అరుగు ఎక్కకూడదు. డబ్బులు కింద పెట్టాలి. ఆయన నీళ్ళు చల్లి తీసుకుంటాడు. ఉప్పో, చింతపండో పైనుంచి కొంగులో పడుతుంది. ఇందులో అవమానం గురించి మనం చాలా రాసుకున్నాం, రాయాలి కూడా. కానీ ఆమె ఆ కథ చెప్పినప్పుడల్లా ఆగే చోటు వేరు. “తక్కెడ కనపడేది కాదయ్యా” అనేది. దూరంగా నిలబడ్డ మనిషికి ముల్లు ఎటు మొగ్గిందో ఏం తెలుస్తుంది? పుచ్చు కందులా మంచి కందులా అని చేత్తో ముట్టి చూడలేడు. ఎంత పడితే అంత, ఏది పడితే అది. అంటరానితనం మనసును గాయపరచడంతో ఆగలేదు, ప్రతి సరుకు మీదా కనపడని రుసుము వేసింది. ఆ రుసుము ఏ చిట్టా పద్దులోనూ ఉండదు.

తెలుగులో ‘కొసరు’ అనే చక్కని మాట ఉంది. కూరగాయలు తూచాక అమ్మేవాడు పైన వేసే రెండు వంకాయలు కొసరు. అసలు కంటే కొసరు ముద్దు అని సామెత. నేను సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి మాటల దగ్గర కాస్త ఆగుతాను, ఓర్చుకోండి. కొసరు అడగాలంటే అరుగు మీద నిలబడాలి, బేరమాడాలి, నచ్చకపోతే పక్క కొట్టుకు పోయే వీలుండాలి. ఈ మూడూ లేని మనిషికి కొసరు తలకిందులవుతుంది. కొన్నవాడికి రావలసింది అమ్మినవాడికే పోతుంది. మా వాడలో కొసరు అంటే మనం ఇచ్చేదే.

వినియోగదారుల హక్కుల చరిత్ర మన పాఠ్యపుస్తకాల్లో 1986లో మొదలవుతుంది. ఆ ఏడాది డిసెంబర్ 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, అందుకే ఆ రోజును జాతీయ వినియోగదారుల దినంగా జరుపుతారు. కాలేజీలో వ్యాసరచన పోటీలు పెడతాం. నేనూ మార్కులు వేశాను. కానీ ఆ కథ ఇంకా ముందు మొదలైంది.

1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ఇప్పటి 15వ అధికరణ చర్చకు వచ్చింది. అంగళ్ళలోకి ప్రవేశాన్ని కులం పేరుతో అడ్డుకోకూడదని అందులో ఉంది. అంగడి అంటే ఏమిటని సభ్యులు అడిగారు. అంబేద్కర్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: గుమ్మం దాటి లోపలికి రానివ్వడం వరకే దాని అర్థం కాదు, సేవ కోరి వచ్చినవాళ్ళకు సేవ అందించడానికి సిద్ధపడిన చోటు ఏదైనా అంగడే. డాక్టరు, లాయరు కూడా అందులోకి వస్తారా అంటే వస్తారన్నారు. ఆ లెక్కన బ్యాంకు కౌంటరూ అంగడే అని నేనంటాను.

తర్వాత 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976 సవరణ తర్వాత దాన్నే పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటున్నాం. అందులో 6వ సెక్షన్ తీసి చదవండి. అంటరానితనం కారణంగా సరుకు అమ్మననడం, సేవ చేయననడం నేరం. అంతటితో వదల్లేదు. మామూలుగా మిగతావాళ్ళకు ఏ సమయంలో, ఏ చోట, ఏ షరతుల మీద ఇస్తారో అవే షరతుల మీద ఇవ్వాలి. ‘అవే షరతులు’ అనే మాట ఒక చట్టంలోకి ఎక్కడానికి ఎంతమంది కొంగులు పట్టుకుని అరుగు కింద నిలబడ్డారో ఆలోచించండి. 1986కు 31 ఏళ్ళ ముందే ఈ దేశంలో ఒక వినియోగదారుల చట్టం ఉంది. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

అయితే షరతు ఒకటే అయినంత మాత్రాన కొలత ఒకటే అవుతుందా?

తెలంగాణ పల్లెల్లో ‘నాగు’ ఉండేది. వానాకాలంలో గింజలు తెచ్చుకుంటే పంట చేతికొచ్చాక వాటికి సగం కలిపి కొలవాలి. నాలుగైదు నెలలకే యాభై శాతం. దొర దాన్ని వడ్డీ అనడు, ఆనవాయితీ అంటాడు. వారంవారం వాడల్లోకి వచ్చిన మైక్రోఫైనాన్స్ వాళ్ళు వడ్డీ అనే అన్నారు, కాకపోతే చిన్న అంకె చెప్పారు. పదివేల అప్పు, ఏడాదికి 15 శాతం ‘ఫ్లాట్’ అనుకుందాం. మొత్తం 11,500 కట్టాలి, నెలనెలా సమానంగా. ఆర్నెల్లకు అసలులో సగం దాకా తీరిపోతుంది. వడ్డీ మాత్రం చివరి వాయిదా దాకా పదివేల మీదే. లెక్కగట్టి చూస్తే అసలు రేటు 26 శాతం దాటుతుంది. దానికి తోడు ప్రాసెసింగ్ రుసుము, బీమా పేరుతో ముందే కొంత కోసుకుంటే పదివేలు అని రాసిన కాగితానికి చేతిలోకి వచ్చేది పదివేలు కాదు. వడ్డీ మాత్రం కోసుకున్న దానికీ కట్టాలి. 2010 అక్టోబర్ 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. 2011 చివర్లో రిజర్వ్ బ్యాంకు, ఈ అప్పుల ధరలో వడ్డీ, ప్రాసెసింగ్ రుసుము, బీమా ప్రీమియం అనే మూడే ఉండాలని నిబంధన పెట్టింది. అంతకుముందు ఎన్ని ఉండేవో ఆ నిబంధనే చెబుతోంది.

ఇక బ్యాంకులు. దేశంలో అతి పెద్ద ప్రభుత్వ బ్యాంకు స్టేట్ బ్యాంక్ 2017 ఏప్రిల్‌లో కనీస నిల్వ జరిమానాలను తిరిగి తెచ్చింది. ఆ ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఆ ఒక్క పద్దు కింద వసూలైంది 1,771 కోట్లు. ఆ ఏడాది జులై-సెప్టెంబర్ త్రైమాసికంలో దాని నికర లాభం 1,581 కోట్లు. ఖాతాలో డబ్బు లేనివాళ్ళు కట్టింది మూడు నెలల లాభం కంటే ఎక్కువ. 2020 మార్చిలో ఆ జరిమానాను ఎత్తేశారు. పేదల కోసమే పెట్టిన జీరో బ్యాలెన్స్ ఖాతాల్లోనూ నెలకు నాలుగు దాటిన ప్రతి చెల్లింపుకూ 17 రూపాయల 70 పైసలు కోశారని, 2015-20 మధ్య సుమారు 12 కోట్ల ఖాతాల నుంచి ఇలా 300 కోట్లకు పైగా వచ్చిందని ఐఐటీ బొంబాయి అధ్యయనం 2021లో బయటపెట్టింది. ఆ 17.70లో పదిహేను రూపాయలు రుసుము, మిగతాది పన్ను. లేమి మీద పన్ను వేసిన దేశాన్ని చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు.

నా సంగతీ చెప్పాలి. నా జీతం పడేదీ ఆ పిల్లాడి ఖాతా ఉన్న శాఖలోనే. నా ఖాతాలో కనీస నిల్వ అక్కర్లేదు, ఎందుకంటే అది జీతం ఖాతా. కార్డుకు రుసుము లేదు. పండక్కి గోడ క్యాలెండర్ కూడా ఇస్తారు. అరుగు మీదికి ఎక్కాక కొసరు నాకే వస్తోంది. అది గమనించడానికి నాకు ఒక పాస్‌బుక్ ఫోటో అవసరమైంది.

ఇప్పుడు పని మాట. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం బేసిక్ సేవింగ్స్ ఖాతా ఎవరైనా అడగొచ్చు. దానికి కనీస నిల్వ లేదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. మామూలు ఖాతాను దానిలోకి మార్చమని రాసివ్వొచ్చు. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు. మామూలు ఖాతాలో కూడా నిల్వ తగ్గిందని ముందు తెలియజేయకుండా జరిమానా వేయకూడదు. కేవలం ఆ జరిమానా వల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఈ రెండు నియమాలూ 2015 ఏప్రిల్ నుంచి ఉన్నాయి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు చూసి, జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి రుసుము లేదు, నిజంగానే లేదు.

మా వాడు దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర వేయించుకుని వచ్చాడు. తీసుకోమని మొదట అన్నారట. అక్కడే కూర్చున్నాడట. నిన్న రాత్రి ఆ ముద్ర ఫోటో పంపాడు. హాస్టల్లో ఇంకో పదకొండు పాస్‌బుక్కులు బయటికి వచ్చాయి. ఆదివారం పొద్దున అందరం కూర్చుంటున్నాం. వచ్చేవాళ్ళు ఎర్ర పెన్ను తెచ్చుకోండి.

జై భీమ్.