వెల, విలువ: డాలస్ ఫుట్‌బాల్ జట్టు యాజమాన్యం – ఎంపిక హక్కుల మారకం (1960–2000)

వ్యాససంగ్రహం: అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలో 1989 నాటి హర్షెల్ వాకర్ మారకాన్ని ఒక్క శిక్షకుని చాతుర్యానికి నిదర్శనంగా చెప్పడం పరిపాటి. ఆ మారకానికి ముందూ వెనుకా డాలస్ కౌబాయ్స్ యాజమాన్యం ఎంపిక హక్కులను ఎలా సంపాదించింది, ఎలా వాడుకుంది, ఎలా పోగొట్టుకుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హక్కుకు బజారులో పలికే వెల, ఆ హక్కుతో దక్కే ఆటగాడి విలువ వేరువేరని, ఈ రెంటినీ కలిపి చూడటం వల్లనే చరిత్రకథనం ఒకవైపుకు ఒరిగిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎంపిక హక్కు, మారకం, యాజమాన్యం, క్రీడాచరిత్ర, డాలస్ కౌబాయ్స్, విలువ పట్టిక.

ఉపోద్ఘాతం

తెలుగు పాఠకునికి ‘డ్రాఫ్టు’ అనగానే బ్యాంకులో తీసే డీడీయో, రాసుకున్న చిత్తుప్రతియో స్ఫురిస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ మాటకు అర్థం వేరు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తే, విసిరే ఆట. కళాశాలల్లో ఆడి బయటికి వచ్చే యువకులను నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ జట్లు ఏటా వరుసక్రమంలో ఎంచుకుంటాయి. కిందటి ఏడు అట్టడుగున నిలిచిన జట్టుకు తొలి అవకాశం, విజేతకు చివరి అవకాశం. ఈ వరుస ముగిస్తే ఒక రౌండు. మళ్ళీ మొదటినుంచి మరో రౌండు. వరుసలోని ప్రతి స్థానమూ ఒక హక్కు. దానితో ఆటగాణ్ణి తీసుకోవచ్చు, లేదా వేరే జట్టుకు ఇచ్చి ఆటగాళ్లనో, వేరే హక్కులనో పుచ్చుకోవచ్చు. రాబోయే సంవత్సరాల హక్కులను సైతం ముందే ఇచ్చేయవచ్చు.

మనకు పరిచయమైన ఐపీఎల్ వేలానికి ఇది పూర్తిగా భిన్నం. 2008లో అట్టడుగున నిలిచిన హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు గెలిచింది. కానీ ఓడినందుకు దానికి వేలంలో ప్రత్యేకమైన ముందువరుస ఏదీ దక్కలేదు. డ్రాఫ్టులో ఓటమికే ఒక ఆస్తి పుడుతుంది. ఆ ఆస్తిని యాజమాన్యం ఎలా నిర్వహించిందన్నదే ఇక్కడి చర్చ.

తొలి హక్కు, తొలి మారకం

ఈ పద్ధతిని ప్రతిపాదించినవాడు ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బర్ట్ బెల్. ధనిక జట్లు మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోతుంటే బీదజట్లు బతకలేవన్నది ఆయన వాదం. 1935లో లీగ్ ఒప్పుకుంది. 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో తొలి ఎంపిక జరిగింది. తొమ్మిది జట్లు, తొమ్మిది రౌండ్లు, 81 మంది. అట్టడుగున ఉన్న బెల్ జట్టుకే మొదటి స్థానం. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జే బర్వాంగర్‌ను ఎంచుకున్న బెల్, అతనడిగిన జీతం ఇవ్వలేక ఆ హక్కును షికాగో బేర్స్‌కు మారకం చేశాడు. బేర్స్‌తోనూ బేరం కుదరలేదు. బర్వాంగర్ వృత్తి ఫుట్‌బాల్ ఒక్కరోజు కూడా ఆడలేదు. డ్రాఫ్టు చరిత్రలో మొట్టమొదటి హక్కు మారకమైంది, నిష్ఫలమూ అయింది. హక్కు వేరు, మనిషి వేరు అన్న సంగతి పుట్టుకలోనే తేలిపోయిందన్నమాట.

సమానత్వం పేర పుట్టిన ఈ పద్ధతి ఆనాడు నల్లజాతి ఆటగాళ్లకు తలుపు తెరవలేదు. 1934 నుంచి 1945 వరకు లీగ్‌లో ఒక్క నల్లజాతీయుడూ లేడు. డ్రాఫ్టులో ఎంపికైన తొలి నల్లజాతి ఆటగాడు జార్జ్ టాలియాఫెరో, అదీ 1949లో. జట్ల నడుమ సమానత్వాన్ని మాత్రమే లెక్కించే చరిత్ర ఈ పదమూడేళ్లను సులువుగా దాటేస్తుంది.

ఖురేషీ లెక్కలు

డాలస్ కౌబాయ్స్ 1960లో ఏర్పడింది. తొలి ఏడాది ఒక్క ఆటా గెలవలేదు. అప్పటి యాజమాన్యమంటే ముగ్గురు: వ్యవహారాలు చూసే టెక్స్ ష్రామ్, ఆటగాళ్లను వెతికే గిల్ బ్రాంట్, శిక్షకుడు టామ్ లాండ్రీ. ఆటగాళ్ల ఎంపికలో వ్యక్తుల ఇష్టాయిష్టాలను తగ్గించాలని ష్రామ్ కంప్యూటర్ వైపు చూశాడు. ఐబీఎం అనుబంధ సంస్థలో పనిచేస్తున్న సలాం ఖురేషీ అనే భారతీయ గణాంకవేత్తకు ఆ పని అప్పగించారు. అలీగఢ్‌లో చదువుకున్న ఖురేషీకి ఈ ఆట గురించి ఏమీ తెలియదు. నా దృష్టిలో అదే ఆయన అర్హత. పరిశీలకులు వాడే మాటలకు నికరమైన అర్థం ఏమిటని తెలియనివాడే అడగగలడు. శీలం, చురుకుదనం, పోటీతత్త్వం, బుద్ధి, బలం వంటి గుణాలను అంకెల్లోకి మార్చే నమూనా ఆ ప్రశ్నల నుంచే రూపొందింది.

అయితే ఆ యాజమాన్యపు అసలు ప్రతిభ కంప్యూటర్‌లో లేదు, ఓర్పులో ఉంది. నౌకాదళ విద్యాలయంలో ఉన్న రోజర్ స్టాబాక్‌ను 1964లో పదవ రౌండులో ఎంచుకున్నారు. సైనికసేవ ముగించి అతడు జట్టులో చేరింది 1969లో. అయిదేళ్ల నిరీక్షణ ఎవరికీ అక్కరలేదు కనుక అతడు చవకగా దొరికాడు. జట్టుకు తొలి రెండు సూపర్ బౌల్ విజయాలు (1972, 1978 జనవరి) అతని నాయకత్వంలోనే వచ్చాయి. ఇదే సూత్రం 1985లో మళ్ళీ పనిచేసింది. కళాశాల ఆటలో మహాప్రసిద్ధుడైన హర్షెల్ వాకర్ అప్పుడు పోటీ లీగ్‌లో ఆడుతున్నాడు. ఆ లీగ్ కూలితే వస్తాడు, లేకపోతే లేదు. డాలస్ అయిదవ రౌండు హక్కు వెచ్చించి అతనిపై తన పేరు రాసుకుంది. 1986లో ఆ లీగ్ ఆగిపోయింది. వాకర్ డాలస్ వచ్చాడు. 1988లో 1,514 గజాలు పరుగెత్తాడు.

అక్టోబర్ 12, 1989

1989 ఫిబ్రవరిలో జెర్రీ జోన్స్ జట్టును కొన్నాడు. లాండ్రీని తొలగించి జిమ్మీ జాన్సన్‌ను శిక్షకుడిగా తెచ్చాడు. ఆ సీజన్‌లో జట్టు ఒకటి గెలిచి పదిహేను ఓడింది. గెలుపు అసాధ్యమని జాన్సన్‌కు సీజన్ మొదట్లోనే అర్థమైంది. జట్టులో ఇతరులు కోరుకునే ఆస్తి ఒక్కటే – వాకర్. మినెసోటా వైకింగ్స్ వ్యవహర్త మైక్ లిన్ మాత్రం తన జట్టుకు ఒక్క పరుగువీరుడే తక్కువ, అతడు దొరికితే సూపర్ బౌల్ మనదే అని నమ్మాడు.

ఒప్పందపు నిర్మాణమే దాని ఆయువుపట్టు. మినెసోటా అయిదుగురు ఆటగాళ్లను ఇచ్చింది. ఒక్కొక్క ఆటగాడికి కొన్ని భవిష్యత్ ఎంపిక హక్కులు ముడిపెట్టారు. 1990 ఫిబ్రవరి 1 లోగా డాలస్ ఆ ఆటగాణ్ణి వదులుకుంటే అతనికి ముడిపడిన హక్కులు డాలస్‌కు చెందుతాయి. డాలస్ ఆటగాళ్లను ఉంచుకుంటుందని లిన్ అంచనా. జాన్సన్ ఉద్దేశం మొదటినుంచీ హక్కులపైనే. చివరకు గడువు దగ్గరపడ్డాక బేరమాడి ముగ్గురు ఆటగాళ్లనూ, ప్రధాన హక్కులనూ కూడా డాలస్ నిలుపుకుంది. ఆ హక్కుల్లో మొదటి రౌండువి మూడు, రెండవ రౌండువి మూడు.

వీటిని ఉన్నవున్నట్టు వాడలేదు. 1990లో మినెసోటా నుంచి వచ్చిన 21వ స్థానాన్ని, దానికి తోడు ఒక మూడవ రౌండు హక్కును పిట్స్‌బర్గ్‌కు ఇచ్చి 17వ స్థానానికి ఎదిగి ఎమిట్ స్మిత్‌ను తీసుకుంది. లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువగా 18,355 గజాలు పరుగెత్తినవాడు ఆ స్మిత్. మిగిలిన హక్కులు నేరుగానో, చేతులు మారో రసెల్ మేరీలాండ్, కెవిన్ స్మిత్, డారెన్ వుడ్‌సన్‌ల రాకకు దోహదం చేశాయి. 1993, 1994, 1996 జనవరులలో డాలస్ సూపర్ బౌల్ గెలిచింది. మినెసోటాలో వాకర్ తొలి ఆటలో 148 గజాలు పరుగెత్తాడు. ఆ తరువాత జట్టు అతణ్ణి ఎలా వాడాలో తేల్చుకోలేకపోయింది. 1991 సీజన్‌తో అతని అధ్యాయం అక్కడ ముగిసింది.

కథ ఇంతవరకు అందరూ చెప్పేదే. చెప్పకుండా వదిలే విషయాలు రెండున్నాయి. మొదటిది: వాకర్‌ను అయిదవ రౌండు వెలకు సంపాదించినది పాత యాజమాన్యం. 1989లో తొలి స్థానంలో ట్రాయ్ ఐక్‌మన్‌ను తీసుకునే అవకాశం కూడా లాండ్రీ చివరి ఏటి 3–13 ఓటముల ఫలమే. జాన్సన్ చేతికి వచ్చింది వట్టి నేల కాదు, ఎరువు వేసిన నేల. రెండవది మరింత ఇబ్బందికరం. ఐక్‌మన్‌ను తీసుకున్న కొద్ది నెలలకే జాన్సన్ అనుబంధ డ్రాఫ్టులో తన పూర్వశిష్యుడు స్టీవ్ వాల్ష్‌ను తీసుకున్నాడు. అదే స్థానంలో ఆడే మరొకడు! అందుకు పరిహారంగా 1990 నాటి మొదటి రౌండు హక్కు పోయింది. జట్టు 1–15తో ముగిసింది కనుక ఆ పోయినది డ్రాఫ్టు మొత్తానికే మొదటి స్థానం. తరువాత వాల్ష్‌ను న్యూ ఓర్లీన్స్‌కు ఇచ్చి కొంత రాబట్టుకున్నా, ఆ నష్టం ఆ యాజమాన్యం ఖాతాలోనిదే. వాకర్ మారకాన్ని చెప్పి వాల్ష్‌ను దాటేసే కథనం చరిత్ర కాదు, ప్రశస్తి.

మినెసోటాను మూర్ఖత్వంగా కొట్టివేయడం కూడా తొందరపాటే. భవిష్యత్తును అమ్మి వర్తమానాన్ని కొనే తర్కానికి అంతకుముందే ఒక గౌరవనీయమైన పూర్వరంగం ఉంది. 1971–77లో వాషింగ్టన్ శిక్షకుడు జార్జ్ ఆలెన్ ఎంపిక హక్కులను ఇచ్చి అనుభవజ్ఞులను తెచ్చుకున్నాడు. ఆ ఏడేళ్లలో ఒక్క సీజన్ కూడా ఓటములతో ముగియలేదు. 1973 జనవరిలో సూపర్ బౌల్ దాకా వెళ్లి మయామీ చేతిలో 14–7తో ఓడాడు. లిన్ చేసినది ఆ పద్ధతే. తేడా వెలలో ఉంది: ఆలెన్ అనేక హక్కులతో అనేకమందిని కొన్నాడు, లిన్ అనేక హక్కులతో ఒక్కణ్ణి కొన్నాడు.

3,000 పాయింట్లు

ఇన్ని హక్కులు చేతిలో పడ్డాక వాటిని త్వరగా మారకం చేసే కొలమానం కావలసి వచ్చింది. 1991లో జోన్స్ వ్యాపార భాగస్వామి, చమురు రంగపు ఇంజనీరు మైక్ మెకాయ్ ఒక పట్టిక తయారుచేశాడు. మొదటి స్థానానికి 3,000 పాయింట్లు, రెండవదానికి 2,600, పదహారవదానికి 1,000, ముప్పైరెండవదానికి 590. క్రమంగా అది ఇతర జట్లకూ పాకి లీగ్ అంతటికీ నాణెంలా చెలామణి అయింది.

ఆ పట్టికను మెకాయ్ ఆటగాళ్ల ప్రతిభ నుంచి లెక్కకట్టలేదు. అప్పటికి కొన్నేళ్లుగా జరిగిన మారకాల నుంచి రాబట్టాడు. అంటే అది వెలల పట్టిక, విలువల పట్టిక కాదు. సంతలో నిన్న ఎంతకు అమ్మారో అది చెబుతుంది; ఆ ఎద్దు రేపు ఎంత దున్నుతుందో చెప్పదు. ఈ అంతరాన్ని కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే అర్థశాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన వ్యాసంలో పరీక్షించారు. ముందు ఎంపికైన ఆటగాడు అదే స్థానంలో తరువాత ఎంపికైనవానికంటే మెరుగ్గా రాణించే అవకాశం నాణెం ఎగరేయడం కంటే కాస్త మాత్రమే ఎక్కువ. పైగా ముందు స్థానానికి జీతం ఎక్కువ. జీతం పోగా మిగిలే లాభం తొలి స్థానంలో కంటే మొదటి రౌండు చివర, రెండవ రౌండు మొదట హెచ్చుగా ఉందని వారు చూపారు. జీతాల నిబంధనలు మాత్రం మారాయి. 2011 ఒప్పందం కొత్తవారి జీతాలకు కట్టుదిట్టమైన పరిమితి పెట్టడంతో తొలిస్థానాల భారం తగ్గింది. అయినా, ఎంపికలో తమకున్న చూపును యాజమాన్యాలు అతిగా నమ్ముతాయన్న నిర్ధారణ నిలిచే ఉంది.

ఈ వెలుగులో చూస్తే 1990–92లో డాలస్ బలం ఎవరిని ఎంచుకోవాలో తెలిసిన దివ్యదృష్టి కాదు. ఎక్కువసార్లు ప్రయత్నించే వీలు కొనుక్కోవడమే దాని బలం. విఫలమైన ఎంపికలను మోయగలిగినన్ని హక్కులు దాని దగ్గరున్నాయి.

పట్టికలో లేని పద్దు

ఈ లెక్కలన్నిటిలో ఆటగాడు వస్తువే. వాకర్ డాలస్ వదిలి వెళ్లడానికి ఇష్టపడలేదు, ఒప్పించడానికి 12.5 లక్షల డాలర్లు ఇవ్వవలసి వచ్చింది. అంత బేరమాడే శక్తి అందరికీ ఉండదు. 1968లో వాషింగ్టన్ మొదటి రౌండులో తీసుకున్న జేమ్స్ స్మిత్ తొలి సీజన్ చివరి ఆటలో మెడకు దెబ్బతగిలి ఆటకే దూరమయ్యాడు. ఎంచుకున్న జట్టుతో తప్ప బేరమాడే వీలులేని పద్ధతి వల్ల తాను నష్టపోయానని కోర్టుకెక్కాడు. 1968 నాటి డ్రాఫ్టు గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని 1978లో అప్పీలు న్యాయస్థానం తేల్చింది. అప్పటికే 1977 నాటి సామూహిక ఒప్పందంలో ఆటగాళ్ల సంఘం అంగీకారంతో డ్రాఫ్టు చేరిపోయింది కనుక పద్ధతి కొనసాగింది. యాదృచ్ఛికమే కానీ, స్మిత్ తరువాత వాషింగ్టన్ మళ్ళీ మొదటి రౌండులో ఎవరినైనా ఎంచుకున్నది 1980లోనే. నడుమ హక్కులన్నీ మారకాలకు పోయాయి.

అదే యజమాని, అదే పట్టిక

1994 మార్చిలో జాన్సన్ డాలస్‌ను వీడాడు. మెకాయ్ పట్టిక ఉంది, జోన్స్ ఉన్నాడు. 2000లో, వయసు మీరుతున్న జట్టును ఒక్క మెరుపుతో నిలబెట్టాలని జోయీ గాలోవే అనే ఒకే ఒక్క ఆటగాడి కోసం డాలస్ సియాటిల్‌కు రెండు మొదటి రౌండు హక్కులు ఇచ్చింది. మినెసోటా పదకొండేళ్ల కిందట కూర్చున్న కుర్చీ అది. డాలస్ తరఫున తొలి ఆటలోనే గాలోవే మోకాలు దెబ్బతిని ఆ సీజనంతా దూరమయ్యాడు. సియాటిల్ ఆ హక్కుల్లో ఒకదానితో షాన్ అలెగ్జాండర్‌ను తీసుకుంది. 2005లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అతనికి దక్కింది.