రాసినవాడి పేరు, అప్పుపడ్డవాడి పేరు

మన పత్రికల చరిత్ర రాసినవాళ్ళు సంపాదకుల త్యాగాలను వివరంగా చెప్పారు. వాళ్ళను జైలుకు పంపిన చట్టం ఎలా పనిచేసిందో మాత్రం అంతగా పరిశీలించలేదు. రాత కాగితం మీద నుంచి ఫోన్‌లోకి మారిన ఈ కాలంలో ఆ పరిశీలన అవసరమని నా అభిప్రాయం. అందుకు కర్నూలు మనిషి గాడిచర్ల హరిసర్వోత్తమరావుతో మొదలుపెడతాను.

గాడిచర్ల 1883లో కర్నూలులో పుట్టారు. ఎం.ఏ. పూర్తిచేసి ఉపాధ్యాయ శిక్షణకు రాజమండ్రి వెళ్ళారు. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన వేడిలో వందేమాతరం బిళ్ళ ధరించినందుకు కళాశాల ఆయనను వెళ్ళగొట్టింది. బడిపంతులు కావలసిన మనిషి పత్రికా సంపాదకుడయ్యారు. 1908లో బెజవాడ నుంచి వెలువడిన ‘స్వరాజ్య’లో తిరునెల్వేలి కాల్పులను ఖండించినందుకు ఆయనపై రాజద్రోహ నేరం మోపి, మూడేళ్ళ కఠిన శిక్ష విధించారు.

ఆ కాలంలో పత్రిక మీద కేసు పెట్టడానికి రాజద్రోహ సెక్షన్ ఒక్కటే ఆయుధం కాదు. దానికి దారి చూపే చట్టం మరొకటి అప్పటికే ఉంది. 1867 నాటి ముద్రణా చట్టం ప్రకారం ప్రతి పత్రిక మీద అచ్చువేసినవాడి పేరు, ప్రచురించినవాడి పేరు, అచ్చయిన చోటు ఉండాలి. మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాలి. పాఠకుడికి అది బాధ్యతకు గుర్తు. పరాయి ప్రభుత్వానికి మాత్రం పోలీసును పంపవలసిన చిరునామా. 1878లో లిట్టన్ తెచ్చిన చట్టం ఇంగ్లీషు పత్రికలను వదిలేసి దేశభాషల పత్రికలను మాత్రమే పట్టుకుంది. అది కొద్ది ఏళ్ళకే రద్దయింది. 1867 చట్టం స్వాతంత్ర్యాన్ని కూడా దాటుకొని వచ్చి, 2024 మార్చి 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చేవరకు బతికింది.

ఇంటర్నెట్ వచ్చాక 2000లో సమాచార సాంకేతిక చట్టం వచ్చింది. ప్రధానంగా వ్యాపార లావాదేవీల కోసం పుట్టిన చట్టమది. 2008 సవరణతో అందులో 66ఎ సెక్షన్ చేరింది. ఎదుటివాడికి చికాకు, అసౌకర్యం కలిగించినా నేరమే. శిక్ష మూడేళ్ళ దాకా. 2013 మేలో పి.యు.సి.ఎల్. నాయకురాలు జయ వింధ్యాలను ఈ సెక్షన్ కిందనే అరెస్టు చేశారు. అప్పటి తమిళనాడు గవర్నరు రోశయ్య మీద, చీరాల శాసనసభ్యుడి మీద ఫేస్‌బుక్‌లో రాసిందన్నది ఆరోపణ. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో 66ఎను కొట్టివేసింది. అయినా 2021 నిబంధనలు ఇంటర్నెట్ వార్తలు ప్రచురించేవాళ్ళ వివరాలు అడిగాయి. ప్రభుత్వం కోరితే ఒక సందేశాన్ని మొట్టమొదట పంపినవాడెవరో పెద్ద కంపెనీలు చెప్పాలన్నాయి. 1867 నాటి ప్రశ్నే ఇది. రాసిందెవడు, వాడి ఇల్లెక్కడ?

రాసినవాడి పేరు తెలుసుకోవడానికి ఇంత ఆరాటపడిన చట్టం, సామాన్యుడి పేరును కాపాడటానికి ఎప్పుడు కదిలింది?

మా సీమలో అప్పు కొత్త కాదు. వానలు మొహం చాటేసి శనక్కాయ పంట పోతే, షావుకారు రచ్చకట్ట మీద కూర్చొని రైతు పేరెత్తి అడిగేవాడు. ఊరు వినేది. ఆ అవమానానికి ఊరి పొలిమేర హద్దు. 2020లో లాక్‌డౌన్ తర్వాత, నా విద్యార్థి తండ్రి ఫోన్‌లో ఒక లోన్ యాప్ నుంచి చిన్న అప్పు తీసుకున్నాడు. గడువు దాటింది. ఆయన ఫొటో, కింద ‘దొంగ’ అన్న మాట నా ఫోన్‌కు వచ్చాయి. ఆయన ఫోన్‌లో నా నంబరు ‘సారు’ అన్న పేరుతో ఉండటమే కారణం. మర్నాడు బడి గేటు దగ్గర తలెత్తకుండా అడిగాడు: “సార్, మీకు గూడా వచ్చెనా?”

ఆ డిసెంబరులోనే ఇలాంటి వేధింపులు భరించలేక తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాయి. పోలీసులు అరెస్టులు చేశారు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తీర్పిచ్చి అప్పటికి మూడేళ్ళు దాటింది. అప్పిచ్చే యాప్ ఫోన్‌లోని నంబర్ల జోలికి పోరాదని రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది 2022 సెప్టెంబరులో.

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కంపెనీలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంది. మంచిదే. కానీ 2019 బిల్లులో పత్రికా రచనకు ఇచ్చిన మినహాయింపు ఇందులో లేదు. పైగా ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చింది. ప్రజావ్యవహారాలతో సంబంధం లేని సొంత విషయాలకే పూర్వం అక్కడ రక్షణ ఉండేది. సవరణతో ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాటే మిగిలింది. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వవచ్చన్న 8(2) ఉంది గాని, ఆ త్రాసు సమాచారం దాచే కార్యాలయం చేతిలోనే ఉంది.

దీని అర్థం సీమవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. 2006లో మా పొరుగు అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఆ పథకపు సామాజిక తనిఖీల్లో మస్టర్లలోని పేర్లు గ్రామసభలో చదివేవారు. పనిచేయని పేరుకు కూలి రాసిన చోట జనం లేచి అడిగేవారు. ఆ పేర్లు చదవడం ఎవరి గుట్టూ విప్పడం కాదు, దొంగ లెక్కను పట్టుకోవడం. రేపు అదే జాబితాను అడిగితే ‘వ్యక్తిగతం’ అని తిప్పి పంపే అవకాశం ఏర్పడింది.

కాబట్టి గోప్యతను ఒకే ముద్దగా చూడటం పొరపాటు. బలహీనుడి బతుకు చుట్టూ తడిక కట్టే గోప్యత వేరు, అధికారి లెక్కల చుట్టూ గోడ కట్టే గోప్యత వేరు. మొదటిదాని కోసం పోరాడాలి, రెండోదాన్ని ప్రశ్నించాలి. మన కథల్లో కరువుంది, షావుకారు ఉన్నాడు, ప్రామిసరీ నోటుంది. బడి గేటు దగ్గర తలవంచుకొని నిలబడిన ఆ తండ్రి ఇంకా రావలసి ఉంది. ఆయన కథ రాసేటప్పుడు ఆయన అసలు పేరు దాచే బాధ్యత రచయితదే. ఈ వ్యాసంలో నేనూ దాచాను.