కార్చిచ్చుల అదుపులో విమానాలు, డ్రోన్లు: అమెరికా ప్రభుత్వ తోడ్పాటు

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో కార్చిచ్చులపై విమానాలు, హెలికాప్టర్లు, డ్రోన్లు వాడే పద్ధతి వందేళ్లకు పైగా ప్రధానంగా ప్రభుత్వ సొమ్ముతో పెరిగింది. ఆ సొమ్ము చాలాసార్లు ప్రాణాలు పోయాకే కదిలింది.

1910 ఆగస్టులో ఐడహో, మోంటానాల్లో రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాల అడవి కాలింది. 80 మందికి పైగా చనిపోయారు. మంటను పుట్టిన చోటే పట్టుకోవాలన్న పట్టుదల అటవీ శాఖలో అప్పటినుంచి బలపడింది. 1919లో సైనిక విమానాలు కాలిఫోర్నియా అడవులపై గస్తీ మొదలుపెట్టాయి. తొలి విమానాల్లో రేడియో లేదు. పొగ కనిపిస్తే పైలట్ చీటీ రాసి కిందికి జారవిడిచేవాడు, లేదా పావురంతో కబురు పంపేవాడు. 1940 నుంచి పారాచూట్లతో మంటల దగ్గరికి దూకే దళాలు వచ్చాయి.

నీళ్లు చల్లే విమానం పుట్టింది కాలిఫోర్నియాలోని మెండొసినో జాతీయ అరణ్యంలో. 1953లో అక్కడి రాటిల్‌స్నేక్ మంటల్లో 15 మంది చనిపోయారు. రెండేళ్లకు, అటవీ శాఖ కోరిక మీద, విల్లోస్ ఊళ్లో పొలాలకు మందు కొట్టే ఒక స్టియర్‌మన్ విమానానికి మార్పులు చేశారు. సుమారు 640 లీటర్ల తొట్టె, దాని అడుగున ఒక తలుపు, ఆ తలుపుకో తాడు. తాడు లాగితే నీళ్లన్నీ ఒక్కసారిగా పడతాయి. 1955 ఆగస్టులో వాన్స్ నోల్టా అనే పైలట్ ఆ విమానాన్ని నిజమైన మంట మీద నడిపాడు. మరుసటి ఏడాదికే అలాంటి విమానాల దళం తయారైంది.

ఇప్పుడు పెద్ద విమానాలు కుమ్మరించే ఎర్రటి ద్రవంలో ఉండేది ప్రధానంగా అమ్మోనియం ఫాస్ఫేట్. ఎరుపు రంగు, ఎక్కడ పడిందో పైలట్లకు కనబడడానికి. సాధారణంగా దాన్ని మంట మీద కాదు, మంటకు ముందున్న గడ్డి మీద, పొదల మీద చల్లుతారు. అది మంట నడకను నెమ్మదింపజేస్తుంది, అంతే. పారలు, రంపాలు పట్టుకుని నేల మీద ఫైర్ లైన్ (మండేవన్నీ తీసేసిన పట్టీ) గీసే మనుషులు లేకపోతే ఎన్ని విమానాలున్నా మంట ఆగదు. ప్రభుత్వ ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి తరచు మరుగున పడుతుంది. హెలికాప్టర్లు వేలాడే బకెట్లతో నీళ్లు తెచ్చి పోస్తాయి. మన దగ్గర కూడా 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు మన వైమానిక దళం హెలికాప్టర్లను దించింది.

2002లో కాలిఫోర్నియాలో, కొలరాడోలో రెండు పాత విమానాలు గాల్లోనే రెక్కలు విరిగి కూలాయి. రెండింటిలోని సిబ్బందీ చనిపోయారు. 2004లో ప్రభుత్వం 33 భారీ విమానాల ఒప్పందాలు రద్దు చేసింది. ముసలి సైనిక విమానాలతో సరిపెట్టుకోవడానికి చెల్లించిన మూల్యమది.

డ్రోన్ల వంతు తర్వాత వచ్చింది. 2007 అక్టోబరులో దక్షిణ కాలిఫోర్నియా తగలబడుతుంటే నాసా వారి ఇఖానా డ్రోన్ పొగ చాటున ఉన్న వేడిని పరారుణ స్కానర్‌తో పట్టి, కింద ఉన్న అధికారులకు పటాలు పంపింది. 2013లో కాలిఫోర్నియాలోని రిమ్ మంటలపై నేషనల్ గార్డ్ ప్రిడేటర్ డ్రోన్ ఎగిరింది. 2019లో వచ్చిన డింగెల్ చట్టం కార్చిచ్చుల పనిలో డ్రోన్ల వాడకాన్ని పెంచమంది. అయితే 2020 జనవరిలో అంతర్గత వ్యవహారాల శాఖ, విదేశీ తయారీ వల్ల భద్రతకు ముప్పన్న అనుమానంతో, అత్యవసరాలకు మినహా తన వందలాది డ్రోన్లను నేలకు దించింది. మంటకు ఎదురుమంట పెట్టే పనీ డ్రోన్లు చేస్తున్నాయి. పొటాషియం పర్మాంగనేట్ నింపిన చిన్న బంతిలోకి గ్లైకాల్ ఎక్కించి వదిలితే, అది నేల చేరాక అంటుకుంటుంది. డ్రోన్ లేకపోతే తక్కువ ఎత్తులో, హెలికాప్టర్‌లో కూర్చుని మనిషి చేయాల్సిన ప్రమాదకరమైన పని ఇది.

సరదాగా ఎగరేసే ప్రైవేటు డ్రోన్లు ఇదే పనికి అడ్డు తగిలాయి. 2015లో కాలిఫోర్నియాలోని కాహోన్ కనుమ మంటల దగ్గర అవి కనిపించడంతో విమానాలు వెనుదిరిగాయి. కింద రహదారి మీద వాహనాలు కాలిపోయాయి. 2016లో కాంగ్రెస్ ఇందుకు 20,000 డాలర్ల దాకా జరిమానా పెట్టింది. అయినా 2025 జనవరి 9న లాస్ ఏంజెలెస్ పాలిసేడ్స్ మంటలపై, కెనడా నుంచి సాయానికి వచ్చిన సూపర్ స్కూపర్ విమానం రెక్కకు ఒక డ్రోన్ తగిలి చిల్లు పడింది. విమానం క్షేమంగా దిగింది కానీ, మరమ్మతు పూర్తయ్యేదాకా మంటల మీదికి వెళ్లలేకపోయింది.